జపాన్ డ్రమ్ములు, వత్తుల పత్తి

విజయనగరం,
జూన్ 9.

చిరంజీవి ఉపేంద్రకు పెద్దక్క ఆశీస్సులు.

ఏప్రిల్ పదహారో తేదీ పొద్దున్న నాకు నిమిషం నిమిషం గుర్తుంది. నాలుగున్నరకు లేచాను. గుమ్మం కడిగి ముగ్గు వేశాను. పాలు ఆలస్యంగా వచ్చాయి. పూజగదిలో కూర్చుని యాభై వత్తులు చేశాను. కొబ్బరికాయల బస్తా దింపడానికి మనిషి రాలేదని మీ బావగారు విసుక్కుంటూ కొట్టుకి వెళ్ళారు. ఆరున్నరకు నువ్వు ఫోన్ చేశావు. "అక్కా, రేఖ సింతసిగురు పప్పు సేస్తాది గానీ నీలాగ రావట్లేదు. ముందు ఏటి వేస్తావు?" అన్నావు. పచ్చిమిర్చి ముందు, చిగురు చివర అన్నాను. నవ్వి పెట్టేశావు. తులసికి నీళ్ళు పోశాను. తువ్వాళ్ళు ఆరేశాను. ఎండ వచ్చింది. అంతే. ఆ పొద్దున్నలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

మధ్యాహ్నం రేఖ ఫోన్ చేసింది. ఉప్పు ఆఫీసులో కుర్చీలోంచి ఒరిగిపోయావని, కుడి చెయ్యి కదలడం లేదని.

రెండు నెలలు కావస్తోంది. కాలు నిలబడింది. మాట వచ్చింది గానీ నాలుక మడత పడుతోందని ఫోన్ ముట్టడం లేదట. శ్రీకాకుళం డాక్టరుగారు నాతోనూ మాట్లాడారు. ఆరు నెలల్లోగా చెయ్యి ఎంత వస్తే అంతే అన్నారు. రోజుకొక పేజీ కుడి చేత్తో రాయించమన్నారు. ఎవరికి రాయాలి అన్నావట.

నాకు రాయి.

ఒక పని కూడా ఉంది. మా పైకప్పు కారుతోంది. మేస్త్రీలందరూ భోగాపురం విమానాశ్రయం పనికి పోయారు. చివరికి ఒకడు దొరికాడు. అటక ఖాళీ చెయ్యమన్నాడు. నరసింగరావు చిన్నాన్న ఓడ మీద తెచ్చిన నీ జపాన్ డ్రమ్ములు నాలుగూ దించి వరండాలో పెట్టాము. నువ్వు నౌపడ వెళ్ళిన దగ్గర్నుంచి అవి అక్కడే ఉన్నాయి. ఇప్పుడు వాటిని ఏం చెయ్యమంటావు?

పైడితల్లమ్మ కుంకుమ కవరులో పెట్టాను.

కమలాదేవి.


నౌపడ,
జూన్ 18.

పెద్దక్కకు,

కుంకుమ అందింది. రేఖ పెట్టింది.

ఇది ఎడమ చేత్తో. కుడిది పెన్ను పట్టదు.

డ్రమ్ములు పాత సామాన్లవాడికి ఇచ్చెయ్. జపాన్‌లో కూడా అవి చవక సరుకే. వాటిలో మోత లేదు.

ఉపేంద్ర.


విజయనగరం,
జూన్ 26.

చిరంజీవి ఉపేంద్రకు,

పాత సామాన్లవాడు వచ్చాడు. "ఇనపదైతే తీసుకుంతాను గానీ సెక్క నాకెందుకమ్మా" అన్నాడు. అమ్మవారి మాటే అనుకున్నాను.

తడిగుడ్డతో తుడిచాను. ఎర్రటి తళుకు ఇంకా చెక్కు చెదరలేదు. వేలితో తట్టి చూశాను. రోగిష్టి మనిషి మూలిగినట్టు ఉంది. మీ బావగారు కొట్టు నుంచి వచ్చి ఒక దెబ్బ వేశారు. "దీనికంటే మన బెల్లం డబ్బాకి మోత ఉన్నాది" అన్నారు. నాకు పౌరుషం వచ్చింది.

వీటిని బాగు చెయ్యాలని ఉంది. ఏది ముందు విప్పాలో తెలియదు. బావగారి కటింగ్ ప్లేయరుతో ఒక బోల్టు పట్టి తిప్పాను. కదల్లేదు. రేపు సుత్తితో కొట్టి చూస్తాను.

కుడి చేత్తో రాసిన వరుసలకే ఇకపై జవాబిస్తాను.

కమలాదేవి.


నౌపడ,
జూలై 4.

అక్కా సుత్తి ముట్టకు

పైన ఉన్న మూడు మాటలూ కుడి చేత్తో రాశాను. పావుగంట పట్టింది. ఇక్కడి నుంచి ఎడమ చెయ్యి. జవాబు ఇవ్వకపోతే మానెయ్యి గానీ ఆ బోల్టుల్ని హింస పెట్టకు.

సైడ్ డ్రమ్ము పెట్టె అడుగున నూనెగుడ్డలో ఒక కీ చుట్టి ఉంటుంది. బోల్టుల మీద కుట్టుమిషను నూనె రెండేసి చుక్కలు వేసి ఒక రోజు వదిలెయ్యి. తర్వాత కీతో తిప్పు. ఒక బోల్టు పూర్తిగా విప్పేసి పక్కదానికి పోకూడదు. అన్నిటినీ కొంచెం కొంచెం వదులు చెయ్యాలి. పైన పరిచిన స్కిన్నును నొక్కి పట్టే రింగులు పలచటి రేకు. ఒక పక్క వదిలేస్తే వంగిపోతాయి.

పక్కల మెరిసే డొప్పలు ఉన్నాయే, బోల్టులు దిగేది వాటిలోకే. ప్రతి డొప్పలోనూ ఒక స్ప్రింగు ఉంటుంది. డ్రమ్ము కొట్టినప్పుడల్లా ఆ స్ప్రింగులన్నీ జుయ్యిమని వణుకుతాయి. చవక జపాన్ డ్రమ్ములకు పెద్ద రోగం అదే. ఒక్కొక్క దానిలో చిటికెడు దూది పెడితే నోరు మూస్తాయి.

మూడు కాళ్ళ మీద నిలబడేది, మనం పెద్ద డ్రమ్ము అనేవాళ్ళం, దాన్ని విప్పకు. అది బాగుపడేది కాదు.

ఉపేంద్ర.

వదినగారికి రేఖ నమస్కారాలు. మీ ఉత్తరం చదివి "సుత్తేటి? సుత్తేటంట?" అని మంచం మీంచి లేచి కూచున్నారు. పెన్ను తనే అడిగారు. రెండు నెలల్లో తనంతట తాను అడిగింది ఇదే మొదలు. వ్యాయామానికిచ్చిన రబ్బరు బంతి మాత్రం పోయిన నెల నూతిలో పడేశారు. టెక్కలిలో వ్యాయామం చేయించే అమ్మాయి దగ్గరికి కూడా వెళ్ళడం లేదు. ఈ సంగతి మీకు రాయొద్దన్నారు.


విజయనగరం,
జూలై 17.

చిరంజీవి ఉపేంద్రకు,

మూడు మాటలకు జవాబు ఇస్తున్నాను.

సుత్తి ముట్టలేదు. ముట్టే ఉద్దేశమూ లేదు. ఊరికే రాశాను. అబద్ధమాడినందుకు ఆ రోజు ఇంకొక దీపం పెట్టాను.

కీ దొరికింది. సైడ్ డ్రమ్మూ, కాలితో కొట్టేదీ, దాని మీద కూర్చునే చిన్నదీ విప్పాను. నాలుగు రోజులు పట్టింది. నువ్వు చెప్పినట్టే ప్రతి డొప్పలోనూ స్ప్రింగు ఉంది. నా వత్తుల పత్తి పెట్టాను. కింద నేలకేసి తట్టి చూశాను. నోరు మూశాయి.

కొత్త స్కిన్నులు బావగారు విశాఖపట్నం సరుకుకి వెళ్ళినప్పుడు తెచ్చారు. కర్పూరం, సాంబ్రాణి, డ్రమ్ము స్కిన్నులు అని ఒకే చీటీ మీద రాసుకున్నారట. "ఈ వయసులో నన్ను బేండు మేళంలో సేర్చింది మీ అక్క" అని దారంతా అందరికీ చెప్పారట.

బిగించాను. మోత వచ్చింది గానీ తృప్తిగా లేదు. ఒక పక్క ఒకలా, ఇంకో పక్క ఇంకోలా పలుకుతోంది. ఏం చెయ్యాలి?

పెద్ద డ్రమ్ము విప్పలేదు. ఎందుకు విప్పొద్దన్నావో రాయలేదు. దానికి పన్నెండు డొప్పలున్నాయి. పన్నెండు వత్తులకు సరిపడా పత్తి ఈ కవరులో పెడుతున్నాను. కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ మధ్య నలిపి వత్తులు చేసి పంపు. నీ చేతి వత్తులు వచ్చేదాకా ఆ డ్రమ్ము అలాగే ఉంటుంది. వరండాలో వాన పడుతోంది.

బంతి సంగతి నాకు తెలుసు. రేఖను ఏమీ అనకు.

కమలాదేవి.


నౌపడ,
ఆగస్టు 1.

పెద్దక్కకు,

ఈ పేరా కుడి చేత్తో. అక్షరాలు ఉప్పుమళ్ళ గట్ల మీద పీతలు నడిచినట్టు ఉన్నాయి. ఓపిగ్గా చదువుకో.

మిగతాది ఎడమ. వత్తులు పంపుతున్నాను. పన్నెండుకు పది రోజులు. మొదటి వారం పత్తి వేళ్ళలోంచి జారిపోయేది. విసిరికొట్టాను. రేఖ ఏరి మళ్ళీ పక్కన పెట్టేది. "ఇవి వత్తులేటండీ, గొంగళీపురుగులు" అంటోంది. దీపానికి పనికిరావు. స్ప్రింగులకు పరవాలేదు.

అంచుల సంగతి చెప్తాను విను. స్కిన్ను ఆనేది చెక్క అంచు మీద. ఆ అంచు ఎగుడుదిగుడుగా ఉంటే ఎంత మంచి స్కిన్ను వేసినా పలకదు. మీ వంటింట్లో నల్లరాతి గట్టు ఉంది కదా. కిటికీలు మూసి, డ్రమ్మును దాని మీద బోర్లించి, లోపల టార్చిలైటు వేసి పెట్టు. అంచు కింద నుంచి ఎక్కడ వెలుతురు వస్తే అక్కడ పల్లం. గరుకు కాగితం రాతి మీద పరిచి, డ్రమ్మును తిరగలి తిప్పినట్టు మెల్లగా తిప్పు. వెలుతురు రావడం మానేదాకా. తర్వాత అంచు మీద కొవ్వొత్తి రుద్దు.

బిగించడం ఎదురెదురు బోల్టులు. ఒక్కొక్కటి అరచుట్టు. ప్రతి బోల్టు దగ్గరా వేలితో తట్టి, అన్నీ ఒకటే శ్రుతి పలికేదాకా. నువ్వు భజనలో శ్రుతి తప్పినవాళ్ళని కంటిచూపుతో పట్టుకుంటావు కదా, అదే పని. ఎక్కువ బిగించకు. ఆ చెక్క పలచన. గట్టిగా అరవమంటే పీక నొక్కినట్టు అవుతుంది. స్కిన్ను లేనప్పుడు చెక్కను తట్టు. అది ఏ శ్రుతి పలికితే ఆ దగ్గరికి స్కిన్నును తీసుకురా. లక్షలు పోసి కొన్న సెట్టుకి ఆ తీపి రాదు. ఇది చిన్నాన్న చెప్పింది కాదు, ఆయనకు డ్రమ్ములేం తెలుసు. కోబెలో పాత సామాన్ల కొట్లో ఎర్రగా ఉన్నాయని కొన్నాడు. నాకు పన్నెండేళ్ళు. నేనే కొట్టి కొట్టి తెలుసుకున్నాను.

పెద్ద డ్రమ్ము ఎందుకు విప్పొద్దన్నానని అడిగావు. ఇరవై ఆరేళ్ళ కిందట పైడితల్లమ్మ సిరిమాను పండగ, మంగళవారం సాయంత్రం. నువ్వూ ఉన్నావు అక్కడ. జోగయ్య మాస్టారి ఆర్కెస్ట్రా, గంటస్తంభం దగ్గర స్టేజి. నా మొదటి పెద్ద కార్యక్రమం. పెద్ద డ్రమ్ము మీద ఆరు దెబ్బలతో పాట ఎత్తుకోవాలి. మూడు నెలలు సాధన చేశాను. మొదటి దెబ్బ వేస్తే గరగరమంది. రెండోది మూగపోయింది. ఆరు దెబ్బలూ అంతే. మాస్టారు మైకులోనే అన్నాడు, "ఏట్రా అది, బియ్యం డబ్బా కొడతన్నావా?" ఊరంతా నవ్వింది. స్టేజి దిగాక పక్కకి పిలిచాడు. "ఒరే, నీది డ్రమ్మరు సెయ్యి కాదురా. ఉప్పు మూటలు మోసీ సెయ్యి" అన్నాడు. తర్వాత నెలలో నౌపడ ఉప్పు ఆఫీసులో చేరాను. ఆయన మాట నిలబెట్టాను.

స్ప్రింగులు అంత పాడు చెయ్యవని నాకు తెలుసు. అదే డ్రమ్ము ముందురోజు గంటలా మోగింది. ఆ రోజే కొత్త స్కిన్ను కూడా వేశాను. అయితే తప్పు నా చేతిదే. నేను ఆ డ్రమ్మును మళ్ళీ విప్పి చూడలేదక్కా. విప్పితే దానిలో ఏ తప్పూ లేదని తేలుతుందని భయం.

వ్యాయామానికి ఎందుకు వెళ్ళవంటారు అందరూ. ఎప్పుడూ నాకు పనికిరాని చెయ్యి ఇప్పుడు పడిపోయింది. దాన్ని లేపి ఏం చేస్తాను?

ఉపేంద్ర.


విజయనగరం,
ఆగస్టు 12.

చిరంజీవి ఉపేంద్రకు,

వత్తులు అందాయి. కళ్ళకద్దుకున్నాను.

చిన్న డ్రమ్ముకు రెండు చోట్ల వెలుతురు వచ్చింది. తిరగలి తిప్పినట్టు తిప్పాను. నడుము పట్టింది. వెలుతురు ఆగింది. కొవ్వొత్తి రుద్ది బిగించి, హార్మోనియం పక్కన పెట్టుకుని ఒక్కొక్క బోల్టూ చూసుకున్నాను. ఇప్పుడు ఎక్కడ తట్టినా ఒకటే పలుకు. మీ బావగారు కొట్టు కట్టేసి వచ్చి ఒక దెబ్బ వేశారు. బెల్లం డబ్బా ఊసు ఎత్తలేదు. ఇంకో దెబ్బ వేశారు. మూడోది వేస్తుంటే నేనే ఆపాను.

పెద్ద డ్రమ్ము నిన్న విప్పాను. విప్పకముందు ఒకసారి కొట్టి చూశాను. గరగరమంది. నీ పన్నెండు వత్తులూ పెట్టాను. అంచులు బాగున్నాయి. కొత్త స్కిన్ను వేసి బిగించాక కొట్టాను. ఆ మోత నేను ఇక్కడ రాయలేను. పక్కింటి నారాయణమ్మగారు ఏ గుడిలో నగారా అని అడిగారు.

ఇంకొక సంగతి ఉంది. లోపల ఒకటి దొరికింది. అమ్మవారి ముందు కూర్చుని, ధైర్యం తెచ్చుకుని రాస్తాను.

కమలాదేవి.


నౌపడ,
ఆగస్టు 20.

పెద్దక్కా,

ఏటి దొరికింది? చెక్క చీలిందా? చెద పట్టిందా? రోగం చెప్పకుండా మందు రాసే డాక్టరులా ఉన్నావు నువ్వు. నగారా మోగిందంటావు, లోపల ఒకటి ఉందంటావు, ధైర్యం అంటావు. అయిదు రోజులు ఇంకో ఉత్తరం కోసం గుమ్మంలో కూర్చున్నాను. పోస్ట్‌మ్యాన్ నన్ను చూసి సందు మార్చేశాడు.

ఇందులో సగం కుడి చెయ్యి. ఏ సగమో నువ్వే చెప్పు.

చెంచా పట్టుకున్నాను. అన్నం నోటిదాకా వచ్చింది, పప్పు రాలేదు. ఇది రేఖ రాయమంటే రాస్తున్నాను. టెక్కలి అమ్మాయి దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. అదీ రేఖ రాయమంటేనే.

ఏటి దొరికిందో రాయి.

ఉపేంద్ర.


విజయనగరం,
ఆగస్టు 27.

చిరంజీవి ఉపేంద్రకు,

ముడుపు దొరికింది. నేను కట్టిందే.

ఆ మంగళవారం నువ్వు కొత్త స్కిన్ను వేద్దామని పెద్ద డ్రమ్ము పైది విప్పి, లోపలికి అన్నానికి వెళ్ళావు. నేను పొద్దున్నే అమ్మవారికి మొక్కుకున్నాను. మా ఉపేంద్ర చేతికి ఈ ఊళ్ళో మంచి పేరు వస్తే ముడుపు చెల్లిస్తానని. రూపాయి బిళ్ళ పసుపుగుడ్డలో మూటకట్టాను. నీ దగ్గరే ఉంటే మంచిదనిపించింది. జేబులో పెడితే తీసేస్తావు. డ్రమ్ములో లోపలి స్క్రూకి పసుపుదారంతో కట్టాను. మొక్కు పైకి చెప్పకూడదంటారు కదా, చెప్పలేదు. దారం పొడవు చూసుకోలేదు. ముడుపు వేలాడి కింది స్కిన్ను మీద ఆనింది. ఆర్కెస్ట్రా లారీ వచ్చేసిందని అరుస్తూ నువ్వు లోపలికి చూడకుండానే బిగించావు.

నువ్వు కొట్టిన ఆరు దెబ్బలకూ అది కింది స్కిన్ను మీద ఎగిరింది. గరగర దానిది. మూగపోవడమూ దాని బరువుకే. మొన్న తీయకముందు కొట్టాను, తీసి కొట్టాను. సందేహం లేదు.

ఇంకా ఒకటి చెప్పాలి. ఆ సాయంత్రం స్టేజి ముందు నిలబడి ఉన్నప్పుడు నాకు ఒక్కసారి అనుమానం వచ్చింది. అమ్మవారి ముడుపు చెడు చేస్తుందా అని నా నోరు నేనే మూసుకున్నాను. నువ్వు నౌపడ వెళ్ళిపోయావు. డ్రమ్ములు అటకెక్కాయి. నేను మరిచిపోయాను. మరిచిపోవాలని మరిచిపోయాను. విప్పడానికి నువ్వు భయపడ్డావు. తలుచుకోవడానికి నేను.

రోజూ రెండు పూటలా దీపం పెట్టేదాన్ని. నీ చెయ్యి మంచిదని ఒక్క మాట నీకు చెప్పలేకపోయాను.

నీ చెయ్యి మంచిది, ఉపేంద్రా. అప్పుడూ మంచిదే.

క్షమించమని తమ్ముణ్ణి అడగడం నాకు అలవాటు లేదు. అడుగుతున్నాను.

కమలాదేవి.


నౌపడ,
సెప్టెంబరు 5.

పెద్దక్కకు,

ఉత్తరం చదివి భోజనం దగ్గర నుంచి లేచిపోయాను. "ఒక్క మాట సెప్పుంటే ఏటయిపోయేది అక్కా!" అని అరిచాను. నువ్వు ఇక్కడ లేవు గనక రేఖ విన్నది. ఆవిడ కంచం మీద మూత పెట్టింది.

సాయంత్రం ఉప్పుమళ్ళ దాకా నడిచాను. నాతో పనిచేసినవాళ్ళు కనపడ్డారు. "ఏటి సారూ, నడిసేత్తన్నారు!" అన్నారు. ఇరవై ఆరేళ్ళు నేను వీళ్ళ మధ్య బతికాను. వీళ్ళు మంచివాళ్ళు. ఇక్కడే రేఖ దొరికింది. ఇదంతా నీ పసుపుదారం పొడవు వల్ల వచ్చిందే. దాన్ని పోగొట్టుకోవాలని లేదు నాకు. అయినా కోపం తగ్గలేదు.

ఇంటికి వచ్చాక గానీ అసలు సంగతి తట్టలేదు. ఆ రోజు చెయ్యి బాగానే ఉంది! ఆరు దెబ్బలూ సరిగ్గానే పడ్డాయి. కొట్టిన దెబ్బ తప్పు కాదు, మోగింది తప్పు. మాస్టారికి తెలియదు. నాకూ తెలియదు. అమ్మవారికి, నీకు తప్ప ఎవరికీ తెలియదు. మీరిద్దరూ మాట్లాడరు.

నవ్వొచ్చింది. నవ్వితే నా నోరు ఒక పక్కకి లాగుతుంది. మళ్ళీ ఏదో అయిందని రేఖ పరిగెత్తుకొచ్చింది. ముడుపు సంగతి చదివి వినిపించాను. ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుండిపోయి నవ్వింది. చాలా రోజులైంది మా ఇంట్లో ఆ చప్పుడు విని.

క్షమించడానికి ఏముంది అక్కా. నాకు పేరు రావాలని కట్టావు. దారం కొంచెం పొట్టిగా కడితే సరిపోయేది.

పై నుంచి కింది దాకా ఈ ఉత్తరమంతా కుడి చెయ్యే. రెండు రోజులు పట్టింది. టెక్కలి అమ్మాయి చూసి, వచ్చే ఆదివారం రైలెక్కొచ్చు అంది. పద్నాలుగో తేదీ వస్తాం. సాయంత్రం బండికి వెనక్కి. బావగారిని డ్రమ్ములు ముట్టనివ్వకు. బెల్లం చేతులు.

ఉపేంద్ర.


విజయనగరం,
సెప్టెంబరు 15.

చిరంజీవి ఉపేంద్రకు,

రేఖ ఫోన్ చేసింది. క్షేమంగా చేరారని తెలిసింది. అలసట లేదన్నందుకు దీపం పెట్టాను.

నిన్న నువ్వు డ్రమ్ముల వైపు ముఖం పెట్టి కూర్చున్నావు గనక నీ వెనక ఏం జరిగిందో నీకు తెలియదు. అది రాస్తాను.

కర్పూరం కోసం కొట్టుకి వచ్చిన జోగయ్య మాస్టారిని బావగారే ఇంటికి లాక్కొచ్చారు. మనిషి బాగా వంగిపోయాడు. నిన్ను చూసి గుమ్మం దాటకుండా నిలబడ్డాడు. నువ్వు ఎడమ చేత్తో మొదలుపెట్టావు. తర్వాత కుడి చేతి వేళ్ళను ఎడమ చేత్తో పుల్ల చుట్టూ మూసి, పెద్ద డ్రమ్ము మీద ఆరు దెబ్బలు వేశావు. అయిదోది అంచు మీద పడింది. మిగిలిన అయిదూ పడ్డప్పుడు వరండా పెంకులు అదిరాయి. ఆ చవక చెక్కలో అంత లోతు ఎక్కడ దాగి ఉందో. రేఖ కొంగు నోట్లో పెట్టుకుంది. సాలూరు నుంచి వచ్చిన నీ చిన్నక్క అనూరాధ, చిన్నప్పుడు నీ మోతకి చెవులు మూసుకున్నదే, చెవి ఒగ్గి వింది. మాస్టారి కాలు నేల మీద తాళం వేస్తోంది. అది ఆయన ఎరగడు.

ఆయన నీతో "బాగుందిరా" అని ఒక్క మాటే అన్నాడు. నువ్వు తలూపావు. అది చాలదేమో అనిపించింది నాకు. నువ్వు రైలెక్కాక కూడా ఆయన వెళ్ళలేదు. టీ ఇచ్చాను. ముడుపు సంగతి దాచకుండా చెప్పాను. గ్లాసు కింద పెట్టేశాడు.

"అంటే ఆ కుర్రోడి సెయ్యి కాదన్నమాట. నేను ఏటని పోయాను, తల్లీ!" అన్నాడు. తర్వాత, "నౌపడ అడ్రసు రాసివ్వండి. ఆడితో నేను సెప్పాల" అన్నాడు. రాసిచ్చాను. ఉత్తరం రాస్తాడో, తనే వస్తాడో తెలియదు. వస్తే కూర్చోబెట్టు.

దీపాలు పెట్టిన తర్వాత మేమందరం వరండాలో కూర్చున్నాము. నిన్న సాయంత్రం ఇంట్లో నిర్ణయమైంది ఇది.

డ్రమ్ములు గురువారం నౌపడ వస్తాయి. అనూరాధ వాళ్ళ లారీ పలాస వైపు వెళ్తోంది. "నా లారీలో జీడిపిక్కల బస్తాల కంటే పదిలంగా వస్తాయి, తమ్ముడికి సెప్పు" అంది. పాత దుప్పట్లు నేనే చుట్టాను. కీ నాలుగో దుప్పటి మడతలో ఉంది.

ముడుపు మీద కొంచెం వాదన జరిగింది. ఊళ్ళో మంచి పేరు వస్తే చెల్లిస్తానన్నది మొక్కు. వరండాలో అయిదుగురు వింటే ఊరవుతుందా అని నా సందేహం. మాస్టారు ఒప్పుకోలేదు. "ఊరందరి ముందూ పాడు పేరు పెట్టినోణ్ణి నేను. మంచి పేరు పెట్టేది కూడా నేనే. ఇంకేటి కావాల మీ అమ్మవారికి?" అన్నాడు. అందరూ సరే అన్నారు. రేపు మంగళవారం. మాస్టారూ నేనూ కలిసి గుడికి వెళ్ళి ముడుపు చెల్లిస్తాము. ఆ పసుపుగుడ్డ నల్లబడిపోయింది. మార్చవద్దన్నాడు ఆయన.

చివరి తీర్మానం మీ బావగారిది. ఇకమీదట ఈ ఇంట్లో ఎవరు ఏది మొక్కుకున్నా ఎవరి కోసం మొక్కుకున్నారో వాళ్ళకి వినబడేలా పైకి చెప్పాలట.

ఒప్పుకున్నాను.

అందుకే రాస్తున్నాను. ఆరో నెల నిండే లోపల ఆ అయిదో దెబ్బ కూడా సరిగ్గా పడాలని ఈ పొద్దున్న మొక్కుకున్నాను.

పెద్దక్క.